అనాస తొక్కలు చెరువుకు చేరే దారి

గుణుపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జ్యూస్ యూనిట్ వాళ్లు అనాస తొక్కలు ఊరికే ఇస్తామన్నారని, వాటితో నాచు పెంచి చేపలకు మేత చేస్తానని రాశావు. చాలా సంతోషం నాన్నా. తవుడు, వేరుశనగ చెక్క కొనలేక నేనూ అవస్థ పడుతున్నాను. కానీ తొక్కల రసం చుక్క కూడా నేరుగా చెరువులో పడనివ్వకు.

నేను పోశాను. ఒక వానాకాలం రెండు డ్రమ్ములు వంపేశాను. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే గట్టు పొడవునా బొచ్చెలు నోళ్లు పైకి తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఆ చక్కెర తిన్న బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ అంతా లాగేసింది. పొద్దెక్కేసరికి సగం చేప తేలిపోయింది.

అందుకే ముందు వేరే తొట్టెలో నాచు ఆ చక్కెర తినాలి. తొట్టె మోకాలి లోతు మించితే అడుక్కి ఎండ తగలదు. తొక్కలు దంచి, పిండి, వడకట్టి, రసాన్ని బాగా మరిగించు, లేకపోతే పులుస్తుంది. చల్లారాక ఒక వంతుకి ఇరవై వంతుల నీళ్లు కలుపు. పులుపు విరగడానికి తినే సోడా కొంచెం కొంచెంగా వేస్తూ పీహెచ్ కాగితం 7 దాటేదాకా చూడు. రసంలో నత్రజని తక్కువ, కాబట్టి చిటికెడు యూరియా. మొదటిసారి ఇదంతా ఒక్క బకెట్‌లోనే చెయ్యి.

విత్తనానికి క్లోరెల్లా అనే సన్నటి పచ్చనాచు తీసుకో. స్పైరులినా అనే ఇంకో రకానికి పీహెచ్ 9, 10 ఉండే సోడా నీళ్లు కావాలి, అది మనకు కుదరదు. క్లోరెల్లా మరీ సన్నం, గుడ్డలోంచి జారిపోతుంది. ఎండబెట్టాలని తాపత్రయపడకు, నాచు పెరిగిన ఆ పచ్చనీళ్లనే వాడు. కొంత చేపపిల్లల కుంటలో పోస్తే జూప్లాంక్టన్, అంటే నీళ్లలోని సన్నటి పురుగులు, తింటుంది, దాన్ని చేపపిల్లలు తింటాయి. మిగతాది తవుడు, చెక్క ముద్ద కలిపేటప్పుడు నీళ్లకు బదులు పొయ్యి. తవుడు పూర్తిగా మానేయొచ్చని మాత్రం అనుకోకు.

అనాస ముమ్మరంగా వచ్చేది వానల్లోనే, ఎండ లేనప్పుడు. మబ్బు పట్టిన రోజు తొట్టెలో కొత్త రసం పోయకు. రోజూ వంగి వాసన చూడు. పచ్చిగడ్డి వాసన వస్తే బాగున్నట్టే. కల్లు వాసన వస్తే మొత్తం కంపోస్టు గుంతలో పారబోయి, జాలిపడకు.

కుంటలో మోచేయి దాకా చెయ్యి ముంచు. అంత లోతుకు దిగకముందే అరచెయ్యి మరుగైతే పచ్చనీళ్లు ఆపెయ్యి. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది.

తొట్టె కట్టే ముందు కబురు చెయ్యి. పీహెచ్ కాగితాలు పట్టుకుని నేనే వస్తాను.

మీ మావయ్య