గుహ డైవింగ్ నేర్చుకోబోతున్న మేనకోడలికి

తల్లీ,

నీ ఉత్తరం అందింది. వచ్చే ఏడాదికల్లా వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుకోనిచ్చే రీబ్రీదర్, నీళ్లలో మనల్ని లాక్కెళ్లే స్కూటర్ కొనుక్కుని, ముందు గుహలు, తర్వాత లోతులో ఉన్న మునిగిన ఓడలు చూస్తానని రాశావు. చదువుతుంటే సంతోషం వేసింది, దానికంటే ఎక్కువ భయం వేసింది. నీ మీద నమ్మకం లేక కాదు. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ సామాన్ల గురించే ఉంది. వెనక్కి తిరగడం గురించి ఒక్క మాట లేదు. ఈ పనిలో ముప్పై ఏళ్లు గడిపి నేను కష్టపడి నేర్చుకున్నది అదే. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఇప్పటిదాకా నువ్వు చేసిన డైవింగ్‌లో ఏం తేడా వచ్చినా పైకి వెళ్లే దారి ఉంది. గుహలో నెత్తిన రాయి ఉంటుంది, ఓడలో ఉక్కు ఉంటుంది. ఏమీ లేని నడి సముద్రంలో కూడా, లోతులో ఎక్కువసేపు ఉన్నవాళ్లకి కంటికి కనపడని కప్పు ఒకటి ఉంటుంది. ఒంట్లో కరిగిన నైట్రోజన్, హీలియం నెమ్మదిగా బయటికి పోవాలి. తొందరపడి పైకి వస్తే మూత తీసిన సోడాలో లాగా రక్తంలో, కండరాల్లో బుడగలు పుడతాయి. కాబట్టి ఈ మూడు చోట్లా ఒకటే పద్ధతి: వచ్చిన ఇబ్బందిని నీళ్లలోనే, ఉన్నచోటే తీర్చుకోవాలి. పైకి పారిపోదాం అన్న ఆలోచననే మనసులోంచి తీసేయాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. అప్పటికి నాకు రెండు వందల డైవ్‌ల పైనే అనుభవం ఉంది. 28 మీటర్ల లోతులో ఒక సరుకుల ఓడ, దాని ఇంజిన్ గది గుమ్మం తెరిచి ఉంది. లోపలికి పన్నెండు మీటర్లు వెళ్లాను. వెనక్కి చూస్తే గుమ్మంలోంచి నీలం వెలుతురు స్పష్టంగా కనపడుతోంది. అంత దగ్గరికి లైన్, అంటే వెనక్కి దారి చూపే తాడు, ఎందుకులే అనుకున్నాను. నా బుడగలు పైకప్పుకి తగిలి తుప్పు రాలడం మొదలైంది. తిరగబోతే ఫిన్ నేలకి తగిలి ఒండ్రు లేచింది. అర నిమిషంలో నా చేతి వాచీ నాకే కనపడలేదు. బయట ఉన్న స్నేహితుడు సిలిండర్ మీద కొడుతున్నాడు, వినపడుతూనే ఉంది. కానీ నీళ్లలో శబ్దం ఎటునుంచి వస్తుందో చెవులు చెప్పలేవు. గోడ పట్టుకుని తడుముకుంటూ రెండుసార్లు తప్పు గదిలోకి వెళ్లి వచ్చాను. పన్నెండు మీటర్లు దాటడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి సిలిండర్‌లో 30 బార్ పీడనమే మిగిలింది. ఆ రోజు నా దగ్గర అన్నీ ఖరీదైన సామాన్లే. లైన్ చుట్టి ఉండే రీల్ కూడా ఉంది, నడుముకి వేలాడుతూ.

షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ గుహ డైవర్ 1970లలో ఒక పని చేశాడు. గుహల్లో చనిపోయినవాళ్ల ప్రమాదాలన్నీ తీసి, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో పరిశీలించాడు. బయటి నీళ్ల నుంచి తెగకుండా లైన్ వేయకపోవడం, తిరిగి రావడానికి సరిపడా పీల్చే గ్యాస్ ఉంచుకోకపోవడం, మామూలు గాలితో మరీ లోతుకి పోవడం. మళ్లీ మళ్లీ ఇవే కనపడ్డాయి. శిక్షణ లేకపోవడం, లైట్లు చాలకపోవడం తర్వాత చేరాయి. మనం పాటించే నియమాలన్నీ అలా వచ్చినవే. ఒక్కో నియమం వెనక కొందరి ప్రాణాలున్నాయి. ఆయనే 1994లో మెక్సికోలోని సకటోన్ అనే నీటి గుంటలో చాలా లోతుకి దిగుతూ చనిపోయాడు. ఆ రంగంలో అంతకంటే అనుభవజ్ఞుడు అప్పట్లో లేడు. ఫ్లోరిడాలో కొన్ని గుహల ముందు చావు బొమ్మతో ఒక బోర్డు పెట్టి, ఇక్కడితో ఆగండి అని రాసి ఉంటుంది. ఇలాంటి గుహల్లో ఇన్‌స్ట్రక్టర్లు కూడా చనిపోయారని దాని మీదే ఉంటుంది. నీకు ఇన్‌స్ట్రక్టర్ కార్డు ఉంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక లైన్. బయట, నేరుగా పైకి తేలగలిగే చోట మొదటి ముడి వేయి. గుమ్మం దాటగానే లోపల రెండో ముడి. అక్కడి నుంచి లైన్ బిగువుగా ఉండాలి, గోడకి దగ్గరగా ఉండాలి, ఇరుకు సందుల్లోకి జారకుండా చూసుకోవాలి. నువ్వు పట్టని సందులో లైన్ పట్టిందంటే, చీకట్లో దాన్ని నమ్ముకుని వచ్చి అక్కడే ఇరుక్కుపోతావు. వేసేటప్పుడే ఆ సంగతి ఆలోచించు. లైన్‌కి తగిలించే బాణం గుర్తులు ఎప్పుడూ బయటికి వెళ్లే వైపే చూపించాలి. లైన్ రెండుగా చీలే చోట, నువ్వు బయటికి వెళ్లే వైపు నీ సొంత గుర్తు తగిలించి వెళ్లు. అది కళ్లు మూసుకుని తడిమినా నీదేనని తెలియాలి.

2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకుపోయిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లని కనిపెట్టింది రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అనే ఇద్దరు బ్రిటిష్ గుహ డైవర్లు. పిల్లల్ని బయటికి తెస్తున్నప్పుడు ఆ బురద నీళ్లలో ఒక డైవర్ చేతిలోంచి లైన్ జారిపోయింది. తడుముకుంటుంటే ఒక కరెంటు తీగ తగిలింది. దాన్ని పట్టుకుని వెళ్తే, అంతకుముందు దాటి వచ్చిన గదిలోనే తేలాడు. ప్రపంచంలో ఆ పని బాగా వచ్చిన కొద్దిమందిలో అతనొకడు. అలాంటి చేతిలోంచి కూడా జారుతుంది. అందుకే పోయిన లైన్‌ని వెతకడం అనేది కోర్సులో ఒకసారి చేసి వదిలేసే పాఠం కాదు.

గ్యాస్ లెక్క గురించి ఇంకాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మూడో వంతు నియమం తెలుసని అందరూ అంటారు, లెక్క వేసి చూసుకున్నవాళ్లు తక్కువ. నువ్వు పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తావనుకుందాం. 30 మీటర్ల లోతులో పీడనం నాలుగు రెట్లు, కాబట్టి నిమిషానికి 80 లీటర్లు. వీపున రెండు 12 లీటర్ల సిలిండర్లు, 200 బార్, అంటే 4800 లీటర్లు. అరవై నిమిషాలు వస్తుంది. నియమం ప్రకారం ఇరవై నిమిషాలు లోపలికి, ఇరవై బయటికి, మిగిలిన ఇరవై నీ తోటి డైవర్ కోసం. ఇప్పుడు అన్నిటికంటే లోపలి చోట, సరిగ్గా తిరగబోయే క్షణంలో, తోటి డైవర్ గ్యాస్ మొత్తం పోయింది. నీ దగ్గర 3200 లీటర్లున్నాయి. ఇద్దరూ పీలుస్తుంటే నిమిషానికి 160. అంటే ఇరవై నిమిషాలు. బయటికి దారి కూడా ఇరవై నిమిషాలే. ఒక్క నిమిషం కూడా మిగలదు. అదీ ఇద్దరూ ఏమీ జరగనట్టు ప్రశాంతంగా ఊపిరి తీస్తేనే. అలాంటి సమయంలో ఎవరు ప్రశాంతంగా తీస్తారు? ఊపిరి రెట్టింపయితే సగం దారిలోనే సిలిండర్లు ఖాళీ.

కాబట్టి మూడో వంతు అనేది గరిష్ఠం, దానికి చేరకముందే తిరుగు. 200లో మూడో వంతు 66 కదా అని 66 వాడకు. 60 అనుకో, 140 దగ్గర తిరుగు. మొదటి ఏడాది ఆరో వంతు చాలు. నీరు లోపలికి లాగే గుహ అయితే వచ్చేటప్పుడు ఎదురు ఈదాలి, అక్కడ ఇంకా ఎక్కువ ఉంచుకో. జంటలో ఎవరి దగ్గర తక్కువ గ్యాస్ ఉంటే వాళ్ల లెక్కే ఇద్దరికీ లెక్క.

లోతుకి వెళ్లేకొద్దీ గ్యాస్ చిక్కబడుతుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. నైట్రోజన్ మత్తు గురించి అందరూ చెప్తారు, అది నిజమే. కానీ చిక్కని గ్యాస్‌ని లోపలికి లాగి బయటికి నెట్టడం కష్టమై, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం దానికంటే మోసకారి. గ్యాస్ చిక్కదనం లీటరుకి 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలని, 6.2 ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదని ఇప్పుడు చెప్తున్నారు. మామూలు గాలి 30 మీటర్ల దగ్గరే మొదటి హద్దు దగ్గరికి వచ్చేస్తుంది, 40 దగ్గర రెండోదీ దాటుతుంది. హీలియం కలపడం అందుకే. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ ఉన్న ట్రైమిక్స్ అనే మిశ్రమంతో 60 మీటర్లకి వెళ్తే, గాలితో 28, 29 మీటర్ల దగ్గర ఉన్నంత మత్తే ఉంటుంది. చిక్కదనం కూడా 5.6కి దిగుతుంది. అది కూడా మొదటి హద్దుకి పైనే ఉందని గమనించు.

2005 జనవరిలో డేవ్ షా అనే ఆస్ట్రేలియన్ డైవర్ దక్షిణాఫ్రికాలోని బోస్మన్స్‌గాట్ గుహలో 270 మీటర్లకి దిగాడు, పదేళ్ల కింద అక్కడ చనిపోయిన కుర్రాడి శరీరాన్ని తల్లిదండ్రులకి అప్పగించాలని. అక్కడ లైటు తీగ లైన్‌కి చిక్కుకుంది, విడిపించుకునే పెనుగులాటలో ఊపిరి అదుపు తప్పింది. తలకి ఉన్న కెమెరాలో ఆ ఊపిరి చప్పుడు రికార్డయింది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని చనిపోయాడని తేల్చారు. ఆయన వెళ్లిన కారణం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. నీకు ఇందులోంచి చెప్పదలచుకున్నది ఇంతే: లోతులో ఊపిరి వేగం పెరిగిందని అనిపించిన వెంటనే చేస్తున్న పని ఆపేయి. ఏదైనా పట్టుకుని కదలకుండా ఉండు, పూర్తిగా ఊపిరి వదులు. తగ్గకపోతే ఆ రోజుకి తిరిగిపో.

రీబ్రీదర్ మీద నీకున్న మోజు నాకు అర్థమవుతుంది. వదిలిన ఊపిరినే సోడా లైమ్ అనే రసాయనంలోంచి పంపి కార్బన్ డయాక్సైడ్ తీసేసి, వాడిన ఆక్సిజన్ మాత్రం కలిపి మళ్లీ ఇస్తుంది. లోతు పెరిగినా గ్యాస్ ఖర్చు పెరగదు, బుడగలు రావు, ఓడ పైకప్పు తుప్పు రాలదు. గొప్ప యంత్రం. కానీ సిలిండర్ గాలిని నోటికి అందించే మామూలు రెగ్యులేటర్ చెడిపోతే వెంటనే తెలుస్తుంది, ఇది చెడిపోతే తెలియకపోవచ్చు. ఆక్సిజన్ తగ్గితే ఆయాసం రాదు, గొంతు పట్టదు, అంతా బాగున్నట్టే ఉండి స్పృహ పోతుంది. ఎక్కువైతే ఫిట్స్ వచ్చి నోట్లో మౌత్‌పీస్ జారుతుంది. లోపల ఆక్సిజన్ కొలిచే మూడు సెన్సర్లుంటాయి, రెండు ఒకే మాట చెప్తే యంత్రం వాటినే నమ్ముతుంది. కానీ ఒకేసారి కొన్న రెండు సెన్సర్లు ఒకేలా ముసలివై ఒకే అబద్ధం చెప్పొచ్చు. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆయాసం మొదలైతే, నోట్లోంచి తీసి బెయిలౌట్, అంటే అత్యవసరానికి ఉంచుకున్న వేరే సిలిండర్ రెగ్యులేటర్, పెట్టుకునే ఒక్క క్షణం కూడా ఊపిరి ఆపలేవు. చెక్‌లిస్టుని గుర్తున్నంత మేరకు కాకుండా కాగితం చూసి, పైకి చదువుతూ, ప్రతిసారీ చేసే మనిషివి అయ్యాక కొనుక్కో. ముందు వంద గంటలు మామూలు సిలిండర్లతో గుహల్లో గడుపు. స్కూటర్ గురించి అప్పుడే మాట్లాడదాం. అది అయిదు నిమిషాల్లో తీసుకెళ్లిన దూరం, చెడిపోతే ఈదుకుంటూ రావాలి.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది వేరే వాటి మీద. వీపున సిలిండర్లు మోసే మంచి బ్యాక్‌ప్లేట్, తేలడానికి గాలి నింపుకునే వింగ్. రెండు మీటర్ల పొడవు హోస్ ఉన్న రెగ్యులేటర్, నువ్వు పీలుస్తున్నదే తోటివాళ్లకి ఇవ్వడానికి. మెడకి రబ్బరుతో కట్టిన రెండోది నీకు. మూడు లైట్లు, అందులో ఒక్కటి వెలిగినా బయటికి రాగలగాలి. రెండు కత్తెరలు, ఏ చేతికైనా అందేలా. సిలిండర్లు ఒంటికి రెండు పక్కలా తగిలించుకునే సైడ్‌మౌంట్ కావాలా, వీపున జంట సిలిండర్లు కావాలా అన్నది నీ ఇష్టం, రెండూ మంచివే. గ్యాస్ మాత్రం నీ చేత్తో నువ్వే పరీక్షించు, ఎవరు నింపినా సరే. 50 శాతం ఆక్సిజన్ ఉన్న గ్యాస్ 21 మీటర్లకి మించి పీల్చకూడదు, స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్లకి మించి. ఆ 50 శాతాన్ని 50 మీటర్ల దగ్గర పొరపాటున నోట పెట్టుకుంటే ఆక్సిజన్ పీడనం 3 బార్, హద్దు 1.6. సిలిండర్ మీద ఆ లోతు అంకె దూరానికి కనపడేంత పెద్దగా రాయి. మార్చే ముందు తోటి డైవర్‌కి చూపించి, వాళ్లు తలూపాకే మార్చు.

ఓడల సంగతి తర్వాత రాస్తాను, ఒక్కటి మాత్రం ఇప్పుడే. 1956లో మునిగిన ఆండ్రియా డోరియా అనే ఇటాలియన్ ప్రయాణికుల ఓడ 70 మీటర్ల పైచిలుకు లోతులో ఉంది. అందులోని పింగాణీ పళ్లాల కోసం వెళ్లి తిరిగి రానివాళ్లున్నారు. ఓడ ఏటా కూలుతూ ఉంటుంది. నిరుడు ఉన్న గుమ్మం ఈసారి ఉండదు, పాత పటాన్ని నమ్మకు. యుద్ధంలో మునిగిన ఓడ చాలా సార్లు సమాధి కూడా. ఏదీ తీయకు.

గుహ డైవర్లకి ఒక పాత ఒప్పందం ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా బొటనవేలు చూపిస్తే డైవ్ అయిపోయినట్టే. కారణం అడగకూడదు, పైకి వచ్చాక కూడా ముఖం మాడ్చుకోకూడదు. కారణం ఉండి తిరగడం తేలిక. ఏ కారణమూ లేకుండా, నీళ్లు తేటగా ఉండి, గ్యాస్ సగానికి పైగా ఉండి, ముందు సొరంగం పిలుస్తూ ఉంటే తిరగడం కష్టం. అందుకే మొదటి పది డైవ్‌లలో, అంతా బాగున్నప్పుడే, ఒక్కొక్కసారి ఊరికే బొటనవేలు చూపించి తిరిగి రా. తోటివాళ్లకి ముందే చెప్పి ఉంచు. ఆ చెయ్యి లేవడం అలవాటు కావాలి.

కోర్సు ఇంకా రెండు నెలలుంది కదా. సెలవులకి ఇక్కడికి వచ్చేటప్పుడు రీల్ ఒక్కటి తెచ్చుకో, మిగతావి వద్దు. ఇంట్లో కుర్చీలు, మంచం కోళ్ల చుట్టూ లైన్ కట్టి, కళ్లకి గంతలు కట్టుకుని, ఒక చెయ్యి లైన్ మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి గుమ్మం దాకా నడుద్దాం. మధ్యలో నేను లైన్ నీ చేతిలోంచి తప్పిస్తాను. మళ్లీ ఎలా వెతుక్కుంటావో చూడాలి.

నీ మావయ్య