ప్యాకేజింగ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ద్వారకానగర్‌లో జావా కోర్సులో చేరమంటే వినడం లేదు. లినక్స్ ప్యాకేజింగ్ నేర్చుకుంటానంటాడు. దానివల్ల ఉపయోగం ఉందా? – ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా. లినక్స్ అంటే విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరో రాసిన ప్రోగ్రామ్‌కి ఏయే లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్) కావాలో, దాన్ని ఎలా బిల్డ్ చేయాలో (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చాలో), లైసెన్స్ ఏమిటో రాసిపెట్టి, ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయ్యేలా చేయడమే ప్యాకేజింగ్. 'ప్యాకేజర్ కావలెను' అన్న ప్రకటనలు అరుదే. కానీ బిల్డ్, రిలీజ్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి, విడుదల చేసి, నడిపించే) ఉద్యోగాల్లో రోజూ చేసేది ఇలాంటి పనే. రెడ్‌హ్యాట్, సుసే, కెనానికల్ లాంటి లినక్స్ కంపెనీల వ్యాపారానికి పునాదే ఇది.

ఇక బాబుకి చెప్పండి: కొత్త ప్యాకేజీతో మొదలుపెట్టొద్దు. లినక్స్ రకాల్లో ఒకటైన, 1993లో పుట్టిన డెబియన్‌ను ఇప్పటికీ వాలంటీర్లే నడుపుతున్నారు. చూసుకునేవాళ్లు లేక వదిలేసిన ప్యాకేజీల జాబితా అక్కడ అందరికీ కనిపిస్తుంది. అందులో తాను వాడే చిన్నదొకటి ఎంచుకుని, సోర్స్ (దాని అసలు కోడ్) దించుకుని, 'డెబియన్' ఫోల్డర్‌లోని కంట్రోల్, రూల్స్, ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా), కాపీరైట్ ఫైళ్లు చదవాలి. చాలామంది కాపీరైట్ ఫైలును తేలిగ్గా తీసుకుంటారు. అసలు ఓపిక కావలసింది అక్కడే. సోర్స్‌లోని ఫైళ్లు ఏయే లైసెన్సుల కింద ఉన్నాయో వెతికి రాయాలి, అది తేలకపోతే కొత్త ప్యాకేజీని తిప్పి పంపేస్తారు.

తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అయిందని సంబరపడకూడదు. కావలసిన లైబ్రరీ అందులో ముందే ఉండి ఉండొచ్చు. ఎస్‌బిల్డ్ అనే టూల్‌తో ఏమీ లేని శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేస్తే రాయడం మర్చిపోయిన డిపెండెన్సీ (ప్రోగ్రామ్‌కి కావలసిన లైబ్రరీ) బయటపడుతుంది. ఆపైన లింటియన్ అనే టూల్‌తో ప్యాకేజీలోని తప్పులు పట్టుకోవాలి. కొత్తవాళ్లకు అప్‌లోడ్ హక్కు ఉండదు కాబట్టి, పనిని డెబియన్ మెంటర్స్ సైట్‌లో పెట్టి స్పాన్సర్‌ను (అప్‌లోడ్ చేసిపెట్టేవారిని) అడగాలి. ఒక డెబియన్ డెవలపర్ సరిచూసి బాబు తరఫున అప్‌లోడ్ చేస్తారు. జవాబు ఆలస్యం కావచ్చు, వ్యాఖ్యలు సూటిగా ఉండొచ్చు. ఇంత జాగ్రత్తగా కోడ్ చదివి తప్పు చెప్పేవాళ్లు కాలేజీలో దొరకడం కష్టం, అందుకే నాకు ఈ దారి ఇష్టం.

ఫీజు ఏమీ లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా పనిచేసేది) పెట్టుకుని లినక్స్ వాడొచ్చు. ఛేంజ్‌లాగ్‌లో తన పేరు, తేదీ పడితే ఆ లింకు రెజ్యూమెలో పెట్టుకోవచ్చు, రుషికొండ కంపెనీ అయినా బెంగళూరు కంపెనీ అయినా తెరిచి చూసుకుంటుంది.

అయితే క్యాంపస్ పరీక్షల్లో డేటా స్ట్రక్చర్స్ అడుగుతారు. బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు. వేసవి సెలవులు ముగిసేలోగా, ఎవరో ఒకరు అంగీకరించిన చిన్న సవరణ ఒకటైనా చూపించమనండి. చూపించలేకపోతే జావా కోర్సు సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు.