డర్ట్ బైక్ క్యారియర్ కొనేముందు మీ కారు కింద ఉన్న స్టిక్కర్ చదవండి

కారు వెనక హిచ్‌కి (ట్రైలరో క్యారియరో తగిలించడానికి కారు అడుగున బిగించే, గొట్టం ఉన్న ఇనప చట్రానికి) తగిలించే డర్ట్ బైక్ క్యారియర్ కొనాలి, స్టీల్‌ది మేలా అల్యూమినియంది మేలా అని అడిగారు. మీ కారు ఏదో మాత్రం చెప్పలేదు. ఈ ప్రశ్న ఎవరు వేసినా ఇంతే, క్యారియర్ గురించే అడుగుతారు. మోసేది కారు కదండీ! నేనూ మొదటిసారి ఆ సంగతి వదిలేశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాది 250 సీసీ ఫోర్ స్ట్రోక్. పెట్రోలుతో కలిపి దాదాపు 110 కిలోలు. నేను కొన్న క్యారియర్ డబ్బా మీద 225 కిలోలు మోస్తుందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సగం బరువే కదా, దిగుల్లేదు అనుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి నేనూ మా తమ్ముడూ బయల్దేరాం. పెద్ద రోడ్డెక్కి పది నిమిషాలైనా కాలేదు, ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది. నా లైట్లు లో బీమ్‌లోనే ఉన్నాయి. "అన్నయ్యా, వెలుతురు చెట్ల మీద పడుతోంది చూడు" అన్నాడు తమ్ముడు. నిజమే, రోడ్డు మీద ఉండాల్సిన వెలుగు కొమ్మల్లో ఉంది. స్టీరింగ్ కూడా వింతగా తేలిపోతోంది. రోజూ చేతికి తెలిసే రోడ్డు ఆ రోజు తెలియడం లేదు.

వేగం తగ్గిస్తుండగానే వంతెన మొదట్లో చిన్న ఎత్తు తగిలింది. వెనకనుంచి టంగుమని చప్పుడు. ఆపి దిగి చూస్తే, ఎడమ పక్క స్ట్రాప్ కొక్కెం ఊడి వేలాడుతోంది. బైకు మొత్తం కుడి స్ట్రాప్ మీద వాలిపోయి, హ్యాండిల్ కొస వెనక అద్దాన్ని ఆనుకుని ఉంది. ఆ ఒక్క స్ట్రాపూ తెగి ఉంటే 110 కిలోల ఇనుము వెనకొచ్చే వాళ్ల ముందు పడేది. వెనక ఎవరైనా స్కూటర్ మీద వస్తుంటే? ఆ ఆలోచనకి ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. బైకును మళ్లీ బిగించి, తెల్లారేదాకా అక్కడే కూర్చుని, మెల్లగా ఇంటికి తిరిగొచ్చాం.

ఆ మధ్యాహ్నం టేపు పెట్టి కొలిచాను. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 2.7 మీటర్లు. వెనక ఇరుసు నుంచి బైకు నిలబడ్డ చోటికి 1.6 మీటర్లు. బైకు, క్యారియర్ కలిపి 150 కిలోలు. లెక్క వేస్తే ముందు చక్రాల మీద 89 కిలోల బరువు తగ్గిపోయింది, వెనక చక్రాల మీద 239 కిలోలు పెరిగింది. ఏతాం ఒక కొన తొక్కితే రెండో కొన లేచినట్టే. తేలికైన ఆ ముందు చక్రాలతోనే కదా మనం బండి తిప్పేది, బ్రేకు పట్టేదీ ఎక్కువగా వాటితోనే.

అందుకని ముందు కారు కింద పడుకుని హిచ్ మీద స్టిక్కర్ చదవండి. అందులో టంగ్ వెయిట్ అని ఉంటుంది, అంటే హిచ్ మీద కిందికి ఎంత బరువు పెట్టొచ్చో చెప్పే అంకె. మీకు కావాల్సింది అదే. పక్కనే కనిపించే పెద్ద అంకె ట్రైలర్ లాగడానికి, దాన్ని చూసి సంబరపడొద్దు. హిచ్‌లని మోసే శక్తిని బట్టి క్లాసులుగా విడగొడతారు. 1.25 అంగుళాల గొట్టం ఉన్న క్లాస్ 1 హిచ్‌కి సాధారణంగా 90 కిలోలే పరిమితి, ఉత్త బైకే దాటిపోతుంది. 2 అంగుళాల క్లాస్ 3 అయితేనే ఈ ఆలోచన పెట్టుకోండి. తర్వాత కారు పుస్తకంలో ఎంత ఉందో చూడండి. హిచ్, కారు, క్యారియర్ మూడింట్లో ఏది తక్కువ చెబితే అదే మీ పరిమితి. హిచ్, కారు పరిమితులతో పోల్చేటప్పుడు బైకు బరువుకి క్యారియర్ సొంత బరువు కూడా కలపాలి. గొట్టం పొడుగు పెంచే ఎక్స్‌టెన్షన్ జోలికి వెళ్లొద్దు, మోసే శక్తి బాగా పడిపోతుంది.

ఇక స్టీలా అల్యూమినియమా అంటే, మీ లెక్క పరిమితికి దగ్గరగా వస్తే అల్యూమినియం, చాలా తేడా ఉంటే స్టీలు. అంతే. అల్యూమినియం ఊగుతుందని కొందరు గట్టిగా వాదిస్తారు, నేను ఒప్పుకోను. ఊగేది హిచ్ గొట్టానికీ అందులో దూరే క్యారియర్ కడ్డీకీ మధ్య సందు ఉండడం వల్ల. ఆ రెంటినీ బిగించి పట్టే యు బోల్ట్ క్లాంప్ వేస్తే చాలావరకు ఆగుతుంది. క్యారియర్‌తో పాటు అది రాకపోతే విడిగా కొనండి.

క్యారియర్‌తో ఉచితంగా ఇచ్చే స్ట్రాపులంటే నాకు మంట. నావి తెరిచి ఉన్న కొక్కేలు. ఎత్తు తగిలినప్పుడు బైకు ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు కాళ్లు, అదే ఫోర్క్, లోపలికి దిగింది, స్ట్రాప్ క్షణం వదులైంది, కొక్కెం జారిపోయింది. అంత బరువు కట్టే వస్తువుకి అలాంటి కొక్కెం పెట్టి అమ్మడం తప్పు. నాలుక ఉండి మూసుకునే కొక్కేలున్న రాచెట్ స్ట్రాపులు నాలుగు తీసుకోండి. ఫోర్క్ సగం దాకా దిగేలా ముందుకు లాగి బిగించండి, వెనక చక్రాన్ని అది నిలబడే క్యారియర్ పట్టాకి విడిగా కట్టండి. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆపి చూడండి. ఆపమంటే "ఏం కాదులే" అనే వాళ్లు ప్రతి గుంపులో ఉంటారు, వాళ్ల మాట వినొద్దు.

బైకు పొడవు 2.2 మీటర్ల దాకా ఉంటుంది, కారు వెడల్పు 1.8. రెండు పక్కలా జానెడు బయటికి వస్తుంది, గేటు దగ్గర గుర్తుంచుకోండి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనపడకపోతే లైట్లున్న బోర్డు విడిగా తగిలించాలి. కారు సైలెన్సర్ పొగ టైరుకో స్ట్రాపుకో సూటిగా తగలకుండా చూసుకోండి, వేడికి రెండూ పాడవుతాయి.

నేను ఇప్పుడూ అదే క్యారియర్ వాడుతున్నాను. మార్చింది కారునీ స్ట్రాపుల్నీ. మీ కారు మోడల్, స్టిక్కర్ మీది టంగ్ వెయిట్, బైకు బరువు రాయండి, లెక్క వేసి చెబుతాను.