అమెరికా వాళ్ళకి గవర్నమెంట్ అంటే అంత అనుమానం ఎందుకు?

ప్రశ్న: నమస్కారం అండీ. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు, ఆర్నెల్లు వాళ్ళ దగ్గరుండి వచ్చాను. పక్కింటాయన చాలా మంచాయన, ఏ సాయం కావాలన్నా పరిగెత్తుకొచ్చేవాడు, కానీ గవర్నమెంట్ పేరెత్తితే చాలు మొహం మాడ్చుకునేవాడు, మా జోలికి రాకుండా ఉంటే అదే పదివేలు అనేవాడు. మరి వాళ్ళ లెక్కలో గవర్నమెంట్ ఎందుకున్నట్టు?

జవాబు: దీనికి వాళ్ళు 1776 జులై 4నే జవాబు రాసిపెట్టుకున్నారమ్మా. స్వాతంత్ర్య ప్రకటనలో ఏముందంటే, ప్రాణం, స్వేచ్ఛ, సుఖం కోసం ప్రయత్నించటం, ఈ హక్కులు మనిషికి పుట్టుకతోనే ఉన్నాయి, వాటిని కాపాడ్డానికే ప్రభుత్వాన్ని పెట్టుకుంటాం, జనం ఒప్పుకుంటేనే దానికి అధికారం, హక్కుల్నే తినేస్తుంటే దాన్ని మార్చేసే హక్కు కూడా జనానిదే అని. ఇందులో వరస చూడండి. ముందు మనిషి, తర్వాత హక్కు, ఆ తర్వాతే గవర్నమెంట్. అంటే హక్కులు అది ఇచ్చినవి కావు, అది మనం పెట్టుకున్న కాపలా మనిషి, మరి కాపలావాడి చేతికి ఎన్ని తాళాలివ్వాలి అన్నదే ఇన్నేళ్ళుగా వాళ్ళ గొడవంతా.

తాళాలు అసలివ్వకపోతే ఏమవుతుందో కూడా వాళ్ళు చూశారు. 1781లో మొదలైన తొలి ఏర్పాటులో కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాల్ని అడుక్కోవాల్సిందే. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులు, పన్నులు కట్టలేక రైతులు తిరగబడితే అణచటానికి కేంద్రం దగ్గర డబ్బూ లేదు సైన్యమూ లేదు, చివరికి వ్యాపారస్తులు చందాలేసుకుంటే ఆ రాష్ట్రం సొంతంగా దళాన్ని పంపింది. ఆ భయంతోనే 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చుని కొత్త రాజ్యాంగం రాశారు. అందులో బాగా పనిచేసిన జేమ్స్ మాడిసన్ తర్వాతేడాది ఒక మాటన్నాడు, మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదు అని. జనాన్ని అదుపు చేసే బలం ముందు దానికివ్వాలి, ఆ తర్వాత తనని తాను అదుపు చేసుకునేలా కట్టెయ్యాలి అని ఆయన వాదన. అందుకే కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, పాస్ చేసిన బిల్లుని ప్రెసిడెంట్ ఆపొచ్చు, రెండు సభల్లో మూడింట రెండొంతుల మంది కలిస్తే ఆయన్నీ దాటొచ్చు. మతం, మాట స్వేచ్ఛల్ని కాపాడటానికి రాజ్యాంగానికి 1791లో చేర్చిన మొదటి సవరణ మొదలవటమే ‘కాంగ్రెస్ ఇలాంటి చట్టం చెయ్యకూడదు’ అని మొదలవుతుంది, పౌరుడికి కాదు ప్రభుత్వానికే చెప్తోంది వద్దు అని! మీ పక్కింటాయన మాటకి వేరు అక్కడుంది.

కానీ ఆయన చెప్పింది సగమే అంటాను నేను. అదే రాజ్యాంగం మొదటి వాక్యంలో స్వేచ్ఛ పక్కనే అందరి సంక్షేమం అని కూడా రాసుంది. పనిలేక జనం అల్లాడిన రోజుల్లో, 1935లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ముసలితనంలో పెన్షన్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ తెచ్చాడు, 1965లో ముసలివాళ్ళకి మెడికేర్ అనే ఆరోగ్య బీమా వచ్చింది. 1981లో రీగన్ ప్రెసిడెంట్‌గా వచ్చి ఇప్పటి కష్టాలకి గవర్నమెంటే సమస్య అన్నాడు. ఇద్దరూ స్వేచ్ఛ పేరే చెప్పారు, రీగన్‌కి అది గవర్నమెంట్ వేలు పెట్టకపోవటం, రూజ్‌వెల్ట్‌కి ఆకలి భయం లేకుండా బతకటం. నాకైతే రూజ్‌వెల్ట్ మాటే సబబు అనిపిస్తుంది, రోగంతో మంచాన పడి బిల్లు చూసి వణికేవాడికి ఏం స్వేచ్ఛ ఉన్నట్టు?

ప్రశ్న: అందరూ సమానం అని రాసినాయనే బానిసల్ని పెట్టుకున్నాడు కదండీ, ఇక ఆ మాటకి విలువేముంది?

జవాబు: నిజమేనండీ, దాచేదేం లేదు. ఆ స్వాతంత్ర్య ప్రకటనలో అందరూ సమానం అని రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకి యజమాని. కానీ ఆ మాటని నిలబెట్టింది అది రాసినవాళ్ళు కాదు, దాని బయట ఉంచబడ్డవాళ్ళు. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జులై 5న రోచెస్టర్‌లో నిలబడి, మీ జులై నాలుగు బానిసకి ఏమవుతుంది అని మొహం మీదే అడిగాడు, అడిగాడే గానీ ఆ ప్రకటనని అవతల పారెయ్యలేదు, దాని సూత్రాలకి కట్టుబడి ఉండండి అన్నాడు. 1868లో అమెరికాలో పుట్టినవాళ్ళని పౌరులుగా ఒప్పుకున్న 14వ సవరణ, 1920లో ఆడవాళ్ళకి ఓటు, 1965లో నల్లవాళ్ళ ఓటుకి అడ్డాలు తీసిన ఓటు హక్కుల చట్టం, అన్నీ అలా కొట్లాడి తెచ్చుకున్నవే. మనవాళ్ళ సంగతీ చెప్పాలి. భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన అమెరికా సైన్యంలో పనిచేశాడు, అయినా నువ్వు తెల్లవాడివి కావు, నీకు పౌరసత్వం రాదు అని 1923లో సుప్రీం కోర్టే చెప్పింది. భారతీయులకి ఆ తలుపు తెరిచిన చట్టం 1946లో గానీ రాలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి అక్కడి సిటిజన్‌షిప్ వచ్చింది, వెంటనే జ్యూరీ డ్యూటీ లెటర్ కూడా వచ్చింది. ఆఫీసు పని ఎక్కువ, ఎలా తప్పించుకోవాలి?

జవాబు: తప్పించుకోమని నేను చెప్పనమ్మా. కుదరకపోతే వాయిదా అడగొచ్చు, మామూలుగా ఇస్తారు, లెటర్ పక్కన పడేస్తే మాత్రం ఫైన్ పడొచ్చు. పెద్ద నేరం మోపినప్పుడు ఆ మనిషి తన కేసుని జ్యూరీయే తేల్చాలని అడిగితే, గవర్నమెంట్ తనంతట తాను అతన్ని దోషి అనలేదు, దారిన పోయే మామూలు మనుషుల్ని, ఎక్కువ చోట్ల 12 మందిని ఒప్పించాలి, ఒక్కరు కాదన్నా శిక్ష పడదు. ఆ ఒక్క కుర్చీలో మీ అమ్మాయి కూర్చోబోతోంది, వెళ్ళమనండి.