మాకనూడో కఫే సిగార్ సగం నుంచి చేదెక్కితే

మాకనూడో కఫే సిగార్ తియ్యగా ఉంటుందని కొంటే రెండుసార్లు ఆరిపోయి, సగం దాటగానే చేదెక్కిందని, పదికి నాలుగే ఇచ్చానని రాశారు. మార్కులకు తొందరపడకండి. దాని పైఆకు కనెక్టికట్ షేడ్ అనే నీడలో పెంచే పొగాకు, పలచగా ఉంటుంది. గబగబా లాగితే వేడెక్కి చేదొస్తుంది. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. పొగ మింగకుండా నోట్లో తిప్పి వదిలేయండి. మా తాత చుట్ట లాగినట్టు లాగితే కుదరదు!

ఆరిపోయిందంటే బహుశా తేమ పట్టింది. సిగార్లు దాచే డబ్బాలో తేమ 65–70 శాతం ఉండేలా చూసి, రెండు వారాలాగి, మంచినీళ్లతో ఇంకోటి ప్రయత్నించండి. మొదట్లో తగిలే మీగడ, జీడిపప్పు రుచికి నేనైతే పదికి ఏడు ఇస్తాను. చివరి అంగుళం మాత్రం ఎప్పుడూ కాల్చను, పారేస్తాను.