మూడో దావా వేసే ముందు ఆ రెండు ఉత్తర్వులూ తెప్పించుకోండి

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో ఒక రాష్ట్ర జైలులో శిక్ష అనుభవిస్తున్నాడు. వైద్యం సరిగా అందడం లేదని ఫెడరల్ కోర్టులో లాయరు లేకుండానే రెండు దావాలు వేశాడు. రెండూ కొట్టేశారు. ఇప్పుడు మూడోది రాస్తున్నాడు. మేము నెలకు పంపే 100 డాలర్లలో 40 కోర్టుకే పోతున్నాయి. పేద ఖైదీకి ఫీజు మాఫీ ఉండదా? ఇంకొకటి కొట్టేస్తే ఇక కోర్టు గడప ఎక్కలేడంటున్నారు. నిజమేనా?
– ఒక అక్క, నరసరావుపేట

జవాబు: అమ్మా, మన పాపరు దావా (పేదవాడు కోర్టు ఫీజు కట్టకుండా వేసే దావా) లాంటి వెసులుబాటు అక్కడి ఖైదీకి 1996 నుంచి లేదు. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రకారం పేద ఖైదీకి దొరికేది మాఫీ కాదు, వాయిదాల్లో కట్టే వీలు మాత్రమే. 350 డాలర్ల ఫీజు మొత్తం అతడే కట్టాలి. ఖాతాలో 10 డాలర్లు దాటి ఉన్నప్పుడల్లా, ముందు నెల జమలో 20 శాతం కోర్టుకు పంపుతారు. మీరు పంపే డబ్బు కూడా ఆ జమలోకే వస్తుంది. కోత ఒక్కో దావాకు విడివిడిగా ఉంటుందని 2016లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. రెండు దావాలకు 40 పోతున్నది అందుకే. మూడోది వేస్తే 60 పోతాయి. దావా కొట్టేసినా ఆ బాకీ తీరదు. అయితే చేతిలో పైసా లేదన్న కారణంతో దావాను తిప్పి పంపడానికి మాత్రం వీల్లేదు.

ఇక రెండో సంగతి. పసలేనిదని, దురుద్దేశంతో వేసినదని, లేదా చట్టం ఇచ్చే పరిహారానికి తగిన ఆరోపణ అందులో లేదని మూడు దావాలు కొట్టేస్తే, ఆ తరువాత వాయిదా సౌకర్యం పోతుంది. అలా కొట్టేసిన ఒక్కో దావానే ఖైదీలు ‘స్ట్రైక్’ అంటారు. దావా హక్కు పోదు గానీ మొత్తం ఫీజు, కోర్టు నిర్వహణ రుసుము కూడా కలిపి ఇప్పుడైతే 405 డాలర్లు, ముందే కట్టాలి. తీవ్రమైన శారీరక హాని ముంచుకొచ్చి ఉంటే మినహాయింపు ఉంది. అయితే ఆ ప్రమాదం దావా వేసే నాటికి ఉండాలి, పాత గాయం చాలదు.

మళ్లీ వేసుకోవచ్చని చెప్పి కొట్టేసిన దావా కూడా, ఆరోపణ చాలదన్నదే కారణమైతే, లెక్కలోకి వస్తుందని 2020లో తీర్పు వచ్చింది. లాయరు లేక, పుస్తకాలు అందక, సొంతంగా రాసుకునే మనిషికి ఇది చాలా కఠినమైన నియమం. ఉత్తుత్తి దావాలను ఆపడానికి తెచ్చిన చట్టం, నిజంగా నొప్పితో ఉండి నాలుగు మాటలు సరిగా రాయలేని వాడినీ బయటే నిలబెడుతోంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

కాబట్టి మీ తమ్ముడికి ఎన్ని స్ట్రైకులు పడ్డాయో ఆ రెండు ఉత్తర్వుల్లోని మాటలను బట్టే తేలుతుంది. ప్రతులు మీకు పోస్టులో పంపమనండి. ఇరుపక్షాల సాక్ష్యం చూసి ఓడించిన కేసు సాధారణంగా లెక్కలోకి రాదు. శిక్షనే సవాలు చేసే హేబియస్ పిటిషన్‌కు ఈ నిబంధనలు వర్తించవు. దాని ఫీజు 5 డాలర్లే.

మూడోది వేయడానికి ముందు జైలులోని ఫిర్యాదు విధానం చివరి అప్పీలు దాకా పూర్తయిందా అని కూడా అడగండి. అది పూర్తి కాకపోతే దావా నిలవదు. ఆ ఫిర్యాదు గడువు చాలా జైళ్లలో కొద్ది రోజులే ఉంటుంది. ఈసారి ఫోను చేసినప్పుడు మొదట దాని గురించే మాట్లాడండి.