పెళ్లి కాలేదు, డిపెండెంట్ వీసా వస్తుందా?

ప్రశ్న: మేమిద్దరం కొండాపూర్‌లో రెండున్నరేళ్లుగా కలిసి ఉంటున్నాం. తనకు లండన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం వచ్చింది. ఇప్పట్లో పెళ్లి ఆలోచన లేదు. అద్దె ఒప్పందం తన పేరు మీదే ఉంది. నేను డిపెండెంట్‌గా వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెళ్లొచ్చు. బ్రిటన్ నిబంధనల్లో పెళ్లికాని జీవిత భాగస్వామికీ చోటుంది. ఇద్దరికీ 18 నిండాలి, పెళ్లిలాంటి బంధం దరఖాస్తు నాటికి కనీసం 2 ఏళ్లుగా సాగుతుండాలి. ఆ రెండేళ్లూ ఒకే ఇంట్లో గడిపి తీరాలన్న పట్టు 2024 జనవరి 31 నుంచి సడలింది. చదువు, ఉద్యోగం వల్లో, సమాజం ఒప్పుకోదనో వేరుగా ఉన్నవాళ్లు కూడా బంధాన్ని రుజువు చేసుకోవచ్చు. మీకు ఆ సడలింపుతో పనిలేదు గానీ, ముందు తన ఉద్యోగం ఏ స్థాయిదో చూసుకోండి. 2025 జులై 22 తర్వాత డిగ్రీ స్థాయికి దిగువ ఉద్యోగాలతో కొత్తగా వెళ్లేవాళ్లు డిపెండెంట్లను తీసుకెళ్లడం దాదాపు కుదరదు.

ఇక మీ అసలు చిక్కు కాగితాలు. ఒప్పందంలో మీ పేరు లేదు కాబట్టి, అదే చిరునామాతో మీ పేరు మీదున్నవన్నీ వెతకండి: బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్, ఆఫీసు ఇచ్చిన లెటర్లు, ఆన్‌లైన్ షాపింగ్ బిల్లులు. మీరిద్దరూ ఎప్పటి నుంచి ఆ ఫ్లాట్‌లో ఉంటున్నారో ఓనర్ చేత సంతకంతో రాయించుకోండి. నెలనెలా అద్దెలో సగం తనకు యూపీఐలో పంపుతుంటే, అంతకన్నా బలమైన రుజువు దొరకదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ వరుసలకు రంగు వేసి పెట్టండి. ఇవి రెండేళ్ల పొడవునా పరుచుకుని ఉండాలి. ఇరవై కాగితాలూ గత రెండు నెలలవే అయితే వీసా కోసం పోగేసినట్టు కనిపిస్తుంది. వాట్సాప్ చాట్ నాలుగు వందల పేజీలు ప్రింట్ తీయకండి, నెలకు ఒకటి రెండు స్క్రీన్‌షాట్లు చాలు. తెలుగులో ఉన్న కాగితానికి అనువాదం జతచేయాలి. దాని మీద అనువాదకుల పేరు, సంతకం, తేదీ, ఫోన్ వివరాలు ఉండాలి.

మన ఊళ్లలో ఇల్లు దొరకడం కోసం చాలామంది ‘భార్యాభర్తలం’ అని చెబుతారు, అదే మాట ఒప్పందంలోకీ ఎక్కుతుంది. వీసా ఫారంలో ‘పెళ్లి కాలేదు’ అని రాసి ఈ ఒప్పందం జతచేస్తే రెండూ పొసగవు. దాచకుండా, అలా ఎందుకు రాయాల్సి వచ్చిందో కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాల్లో చెప్పండి. ఇప్పుడు కూర్చుని పాత తేదీతో కొత్త ఒప్పందం మాత్రం సృష్టించకండి. స్టాంపు పేపర్ మీద నంబరూ, కొన్న తేదీ ఉంటాయి. నకిలీ పత్రం అని తేలితే పదేళ్ల దాకా దరఖాస్తులు తిరస్కరించవచ్చు. నోటరీ దగ్గర చేయించే ‘సహజీవన అఫిడవిట్’కు ఒంటరిగా పెద్ద విలువ లేదు. అది మీ మాటను మీరే రాసిచ్చినట్టు. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి ఉన్న సహజీవన రిజిస్ట్రేషన్ లాంటిది మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు.

డబ్బు సంగతి. మీ వంతుగా 285 పౌండ్లు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కంపెనీ ఆ పూచీ తీసుకుంటే ఇది అక్కర్లేదు గానీ, ఉద్యోగికి మాత్రమే పూచీ రాసి డిపెండెంట్‌ను మర్చిపోయే కంపెనీలున్నాయి, అడిగి రాయించుకోండి. అక్కడి ప్రభుత్వ వైద్య సేవల కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు, మొత్తం ముందే కట్టాలి. మూడేళ్ల వీసాకు 3,105 అన్నమాట. టీబీ పరీక్ష గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో, తను టొరంటోలో ఉద్యోగం. నాలుగేళ్ల ప్రేమ, ఎప్పుడూ ఒకే ఇంట్లో లేము. కామన్-లా పార్ట్‌నర్‌గా వెళ్లే వీలుందా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లేదు. కెనడా కామన్-లా అంటే కనీసం 12 నెలలు ఎడతెగకుండా ఒకే ఇంట్లో కాపురం. సెలవుల్లో కలిసి గడిపిన వారాలను కూడితే ఏడాది అవదు. ‘కాంజుగల్ పార్ట్‌నర్’ అని ఇంకో పేరు వింటారు. గట్టి అడ్డంకుల వల్ల పెళ్లి చేసుకోలేక, కలిసి ఉండలేకపోతున్న జంటల కోసం పెట్టింది అది. అదీ అక్కడి పౌరులో, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లో స్పాన్సర్ చేసే కేసులకే. ‘ఇంట్లో ఒప్పుకోలేదు’ అన్నది అక్కడ సాధారణంగా సరిపోదు.

మీకు దగ్గర దారి ప్రత్యేక వివాహ చట్టం. మీలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదలు. కాబట్టి తను వచ్చాకే నోటీసు ఇద్దామనుకుంటే, మూడు వారాల సెలవులో పని జరగదు. ఇంకో సంగతి, శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడి ఆఫీసుకూ వెళ్లి బోర్డెక్కుతుంది. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వీడియో కాల్‌లో చేసుకున్న పెళ్లిని కెనడా ఇమిగ్రేషన్ గుర్తించదు.

పెళ్లయ్యాక కూడా మీకు ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి) రావాలంటే, 2025 జనవరి 21 నుంచి తన ఉద్యోగం కెనడా ఉద్యోగాలకు ఇచ్చే ‘టీర్’ స్థాయుల్లో 0, 1లోనో, లేదా 2, 3ల్లో ఎంపిక చేసిన వాటిలోనో ఉండాలి. తన పర్మిట్‌లో ఇంకా 16 నెలలు మిగిలి ఉండాలి. తను పీఆర్‌కు పెట్టి ఉంటే, పెళ్లి సంగతి అక్కడ అడుగుపెట్టే లోపే తెలియజేయాలి. తెలియజేయకపోతే తర్వాత మిమ్మల్ని స్పాన్సర్ చేసే దారి సాధారణంగా మూసుకుపోతుంది.

ప్రశ్న: అమెరికా హెచ్1బీకి సహజీవన భాగస్వామిని తీసుకెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: హెచ్4 మీద కుదరదు. అది భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పిల్లలకే. కలిసి ఉంటున్న భాగస్వామి బీ2 సందర్శక వీసాకు పెట్టుకోవచ్చు, ఉద్దేశాన్ని ఫారంలో ఉన్నదున్నట్టు రాయాలి. పని చేయడానికి వీల్లేదు, గడువు పొడిగింపులు అడుగుతూ ఉండాలి. ఏళ్ల తరబడి ఉండాలనుకుంటే దీనిమీద ఆధారపడొద్దు.